ఝాన్సీలక్ష్మి టీచర్ దత్తత

తెల్లవారకముందే లేచి, కళ్ళజోడు కోసం దిండు కింద తడుముకుని, పదో తరగతి పిల్లలకు ఫోన్లు చేసి నిద్ర లేపడం ఆ చలికాలం నుంచీ ఝాన్సీలక్ష్మి టీచర్‌కు అలవాటైపోయింది. లేచావా, ముఖం కడుక్కున్నావా, పుస్తకం తీశావా అని వరసపెట్టి అడిగేది. ఒకడు దుప్పట్లోంచే "చదువుతన్నా టీచర్" అనేవాడు. ఇంకొకడు ఫోను తీసుకెళ్ళి గొడ్లపాకలో గూట్లో పెట్టి మళ్ళీ పడుకునేవాడు. ఆవిడ చాలాసేపు గేదెకు సంధులు చెప్పి, అది ఊఁ అన్నట్టు మూలిగితే "బాగుంది, ఇంకో ఉదాహరణ చెప్పు" అనేది. ఒక్క సింధు మాత్రం మొదటి రింగుకే ఎత్తి, గొంతులో నిద్ర తెలియకుండా పద్యం అప్పజెప్పేది.

అలాంటిది ఆ శుక్రవారం సింధు ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆగిపోయింది. మూడోసారి ఎవరో ఎత్తారు.

"సింధూ, లేచావా అమ్మా?"

"లేచింది. పొలం పోతంది" అంది అవతల ముసలి గొంతు. సింధు నాయనమ్మ ఆదిలక్ష్మమ్మ. "ఇంక ఈ ఫోనుకి చేయమాక."

అంతే. కట్ అయింది. ఝాన్సీలక్ష్మి ఫోను చేతిలో పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. సోమవారం పరీక్షలు మొదలు. మొదటి పరీక్ష తెలుగు. తన సబ్జెక్టు.

పక్క మంచం మీద నుంచి భర్త బసవయ్య గారు కళ్ళు తెరవకుండానే, "గేదె ఎత్తలేదా?" అన్నాడు. ఆవిడ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకుండా ఉండడం ఆవిడ వల్ల కాని పని కాబట్టి, ఆయన కళ్ళు తెరిచి చూశాడు.

ఝాన్సీలక్ష్మి నరసరావుపేటలో ఉంటుంది. గురజాల వైపు ఉన్న తెల్లరాళ్ళపాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. రోజూ బస్సు. ఏళ్ళ తరబడి అదే బస్సు కాబట్టి కండక్టర్లకూ ఆవిడ టీచరే. టికెట్ మెషిన్లో ఊరి పేరుకు దీర్ఘం తగ్గిందని డిపో మేనేజర్‌కు అర్జీ పెట్టిన మనిషి. మరిది పెళ్ళి శుభలేఖలో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, దిద్దిన కాపీయే పొరపాటున వియ్యాలవారికి పంపించింది. ఇప్పటికీ వాళ్ళింటికి వెళితే వియ్యపురాలు ఆచితూచి మాట్లాడుతుంది. మాట అంటే ఆవిడకు అంత పట్టింపు. పిల్లలు లేరు. కలగలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఆవిడా ఎత్తదు.

ఇలా మాటలు తూచి వాడే మనిషి, సింధు విషయంలో మాత్రం ఒక మాట తూచకుండా వాడింది. కొంప అక్కడే మునిగింది.

కిందటేడు పదో తరగతి ఫలితాల్లో ఆ మండలం జిల్లాలో అట్టడుగున నిలిచింది. పైవాళ్ళు మండల విద్యాధికారి ఎంఈవో గారిని తిట్టారు. ఎంఈవో గారు హెడ్మాస్టర్లను తిట్టాడు. హెడ్మాస్టర్లు టీచర్లను, టీచర్లు పిల్లలను. పిల్లలకు తిట్టడానికి కింద ఎవరూ లేక ఊరుకున్నారు. ఆ తర్వాత ఈ ఏడు ఒక ఆర్డరు వచ్చింది. సీ గ్రేడు, డీ గ్రేడు పిల్లలను టీచర్లు తలా కొందరిని దత్తత తీసుకోవాలి. పొద్దున్నే ఫోన్ చేసి లేపాలి, ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడాలి, వెళ్ళినట్టు ఫోటో తీసి మండలం గ్రూపులో పెట్టాలి.

ఆర్డరులో దత్తత అనే ఉంది గాని, స్టాఫ్ రూములో ఆ మాట ఎవరూ వాడలేదు. లెక్కల సారు "నా బ్యాచ్" అన్నాడు. ఇంగ్లీషు మేడం "నా తలనొప్పులు" అంది. ఝాన్సీలక్ష్మి ఒక్కతే "నా దత్తత పిల్లలు" అనేది, ఒత్తు ఎక్కడా జారకుండా, నోరారా. నలుగురు పిల్లలు వచ్చారు ఆవిడ వంతుకు. నలుగురినీ సమానంగానే చూస్తున్నానని ఆవిడ అనుకునేది. స్కూలంతటికీ తెలుసు, అలా చూడడం లేదని.

ఆ వారం మొదట్లో సింధు వాళ్ళింటికి వెళ్ళింది. వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళకూడదని అరటిపళ్ళు తీసుకుంది. పళ్ళతో పూలు లేకపోతే బాగుండదని కనకాంబరాలు. పిల్లకు పరీక్షలకు వేసుకోవడానికి మంచిది లేదని ఒక చుడీదార్ బట్ట. గడపలో అడుగుపెట్టి, ఆదిలక్ష్మమ్మకు బొట్టుపెట్టి, వీధిలో వాళ్ళందరికీ వినపడేలా, క్లాసులో చెప్పే గొంతుతో చెప్పింది.

"పెద్దమ్మా, మీ సింధుని నేను దత్తత తీసుకున్నాను. ఇక మీకేం దిగులు వద్దు. ఇప్పటి నుంచి దాని బాధ్యత అంతా నాదే."

తర్వాత పిల్ల భుజం మీద చేయి వేసి, ఆదిలక్ష్మమ్మను పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకుంది. తల్లి రమణ పొలంలో ఉంది. తండ్రి బ్రహ్మయ్య పిడుగురాళ్ళలో సున్నపురాయి లారీ మీద ఉన్నాడు. ఫోటోలో ఆదిలక్ష్మమ్మ నోరు తెరుచుకుని ఉంది. సంతోషం పట్టలేకనని ఝాన్సీలక్ష్మి అనుకుంది. ఎంఈవో గారు కూడా అలాగే అనుకుని, "ఆదర్శ గృహ సందర్శన" అని రాసి ఆ ఫోటోను జిల్లా గ్రూపుకు పంపించాడు.

శుక్రవారం స్కూలుకు చేరగానే ఝాన్సీలక్ష్మి నేరుగా వంటపాక దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్న భోజనం వండే రామాయమ్మది సింధు వాళ్ళ పక్కిల్లే. ఆవిణ్ణి చూడగానే రామాయమ్మ గరిటె అటూ ఇటూ తిప్పి, పనిగట్టుకుని పప్పు కలపడం మొదలుపెట్టింది.

"నన్నట్టా చూడబాకండి టీచర్. నేను ఉన్నదే చెప్పా."

"ఏం చెప్పావు? ఎవరికి చెప్పావు?"

"దత్తత అంటే ఏందే అని మా ఆదిలక్ష్మమ్మక్క అడిగింది. మా చిన్నాయన కొడుకుని మాచర్ల వాళ్ళు దత్తత తీసుకున్నప్పుడు ఏం జరిగిందో అదే చెప్పా. పళ్ళు తెచ్చారు, బొట్టు పెట్టారు, పిల్లోడికి బట్టలు పెట్టారు, ఫోటో దిగారు. నెల తిరక్కముందే ఇంటిపేరు మారింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కనపడితే మా పిన్నిని ఆంటీ అంటాడు."

ఝాన్సీలక్ష్మి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పళ్ళు. బొట్టు. బట్టలు. ఫోటో. ఒక్కటి కూడా వదల్లేదు తను.

"అయ్యో, అది వేరు రామాయమ్మా. ఇది ఆ దత్తత కాదు. ఇది ప్రభుత్వం వాళ్ళ దత్తత."

రామాయమ్మ గరిటె ఆగింది. "గవర్నమెంటు గూడా ఉందా ఇందులో?"

"అది కాదు..."

"మీరు నాకు చెప్పేదేం లేదులే టీచర్. సాయంత్రం బస్సుకి పిల్లని ముప్పాళ్ళ పంపిస్తన్నారు, వాళ్ళ మేనత్త ఇంటికి. పరీక్షలు అయ్యేదాకా తీసుకురారంట. మా అక్క ఏమందో చెప్పనా? పది తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు, పిల్ల పోతే మళ్ళీ తెచ్చుకోగలమా అంది."

పది తప్పిన ఆడపిల్ల మళ్ళీ పరీక్షకు కూర్చోవడం ఆ ఊళ్ళో ఝాన్సీలక్ష్మి చూడలేదు. మిరప కోతకు వెళ్ళడం చూసింది. మరుసటేడు మెడలో పసుపుతాడుతో బస్సెక్కడం చూసింది. బస్సులో "బాగున్నారా టీచర్" అని పలకరించి, చంకలో పిల్లను సర్దుకుంటుంటే, వీళ్ళకు తను ఏ పద్యం చెప్పానా అని కిటికీలోంచి బయటికి చూసేది. సింధుకు ఇంటర్ గురజాలలో చదవాలని ఉంది. ఆ మాట పిల్ల ఒక్కసారే అంది. అదీ నోట్లో నోట్లో.

హెడ్మాస్టర్ అలీ సాహెబ్ గారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మెత్తని మనిషి. సంగతి వినగానే ఆయన ముందు లెక్క వేసుకున్నాడు. అది ఆయన తప్పు కాదు, ఆ ఏడంతా ఆయన చేత అందరూ లెక్కలే వేయించారు. "ఉన్నదే కాస్త మంది పిల్లలు మేడమ్. ఒకళ్ళు ఆబ్సెంటయితే నాలుగు శాతం పోయినట్టే. ఎంఈవో గారికి నేను ముఖం చూపించలేను" అన్నాడు. తర్వాత ఆవిడ ముఖం చూసి, గొంతు తగ్గించి, "పిల్ల పాపం మంచి పిల్ల కూడాను. మీరుండండి, నేను మాట్లాడతా" అని ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"ఆదిలక్ష్మమ్మ గారూ, నేను హెడ్మాస్టర్నమ్మా. మీరేం కంగారు పడమాకండి. ఆ దత్తత ఉత్త కాయితం మీదేనమ్మా."

అవతల నుంచి ముసలి గొంతు గట్టిగా వచ్చింది.

"కాయితం మీద గూడా ఎక్కించారా?"

"అంటే, రికార్డు కోసం..."

"రికార్డా. నా కొడుకు సంతకం లేకుండానే?"

"అట్లా కాదమ్మా, ఎంఈవో గారు ఆర్డరేశారు, అందుకని..."

"ఆయనెవరయ్యా నా మనమరాలిని ఇయ్యటానికి?"

ఫోన్ పెట్టేసింది. అలీ సాహెబ్ గారు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకుని, "మేడమ్, నేను ఇంకొంచెం చెడగొట్టినట్టున్నా" అన్నాడు.

"కొంచెం కాదు సార్" అంది ఝాన్సీలక్ష్మి. సింధు హాల్ టికెట్ అడిగి తీసుకుని బయల్దేరింది. తోడు వస్తానంటే వద్దంది.

ఊరు దాటాక డొంక వెంట నడిచింది. ఎండ మాడుతోంది. గొడుగు తెచ్చుకోవడం మరిచిపోయింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ, అనుకున్నది దిద్దుకుంటూ, దిద్దినదాన్ని మళ్ళీ మొదటికి తెచ్చుకుంటూ వెళ్ళింది. కల్లం దూరం నుంచే ఎర్రగా కనిపించింది. ఎండబోసిన మిరపకాయల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. మధ్యలో ఆదిలక్ష్మమ్మ. పక్కన రమణ. చివరగా పందిరి గుంజను ఆనుకుని సింధు, ఒళ్ళో బట్టల సంచి. టీచర్ని చూసి తల దించుకుంది, ఎత్తలేదు.

ఏరే చేతులన్నీ ఒక్కసారి ఆగాయి.

"రా టీచరమ్మా" అంది ఆదిలక్ష్మమ్మ. "పళ్ళయినయ్, బట్టలయినయ్. ఇప్పుడేం తెచ్చావ్?"

"హాల్ టికెట్ తెచ్చా పెద్దమ్మా."

"దాని మీద ఇంటిపేరు ఎవరిది?"

"మీదే. పొన్నెకంటి సింధు. తండ్రి పేరు బ్రహ్మయ్య."

"నువ్వు చెపితే అయిద్దా. రమణా, చూడు."

రమణ ఏడో తరగతి దాకా చదివింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుని, హాల్ టికెట్ మీద వేలు పెట్టి నిదానంగా చదివి తలూపింది. తిరిగి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది. ముసలామె అరుపుల కన్నా అదే ఝాన్సీలక్ష్మిని ఎక్కువ భయపెట్టింది.

"చూడండమ్మా" అని మొదలుపెట్టింది, దారిలో తయారుచేసుకున్నది. "భాషలో ఒక మాటకు ఒకటే అర్థం ఉండదు. దత్తత అన్నప్పుడు ఇక్కడ వాచ్యార్థం తీసుకోకూడదు. లక్ష్యార్థం..."

అక్కడ ఘాటు ఎక్కింది. తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. లక్ష్యార్థం దగ్గర ఆగి తుమ్ముతూనే ఉంది. కళ్ళజోడు తీసింది, ముక్కు ఎర్రబడింది, కళ్ళ నుంచి ధారలు. కూలీల్లో ఒకామె "నీళ్ళియ్యండే, పాపం పంతులమ్మకి కాయ పడలా" అంది. ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సింధు లేవబోయింది. నాయనమ్మ చూసిన చూపుకు మళ్ళీ కూర్చుంది.

నీళ్ళు రమణే ఇచ్చింది. ఇచ్చి, చెంబు తిరిగి తీసుకోకుండా ఎదురుగా నిలబడి మొదటిసారి మాట్లాడింది.

"మిగతా సార్లు గూడా పిల్లల్ని దత్తత తీసుకున్నారంటగా టీచరమ్మా. లెక్కల సారు మా పక్కింటి పిల్లోడిని తీసుకున్నాడు. ఆయన బట్టలు తేలేదే?"

ఝాన్సీలక్ష్మి నీళ్ళు మింగింది.

"నేను పొద్దున్నే వేసిన జడతో పిల్ల బడికి పోయిద్ది. సాయంత్రం ఇంకో జడతో వచ్చిద్ది. పాయలు సన్నంగా, చివర రిబ్బను పువ్వు. ఎవరేశారే అంటే టీచర్ అంటది. నా జడ బాలేదా అనుకున్నా. చానా రోజుల నుంచి అనుకుంటన్నా."

కల్లంలో ఎవరూ కాయ ముట్టుకోవడం లేదు. స్పెషల్ క్లాసులో పిల్ల జుట్టు కళ్ళ మీద పడుతోందని ఒకరోజు ఝాన్సీలక్ష్మి జడ వేసింది. మర్నాడు కళ్ళ మీద పడకపోయినా వేసింది. ఆ తేడా ఇంత దూరం నడిచి వచ్చి ఇక్కడ కూర్చుంటుందని అనుకోలేదు.

"బాగానే ఉంటుంది రమణా నీ జడ" అంది చివరికి. "నాకే వేయాలనిపించింది."

"పిల్లలు లేరనా?"

"అవును."

ఒక్క మాట. వియ్యపురాలితో, తోటికోడళ్ళతో, స్టాఫ్ రూములో ఎవరితోనూ ఇన్నేళ్ళలో అనని మాట మిరపకాయల మధ్య నిలబడి, ముక్కు చీదుకుంటూ, కూలీల ముందు అనేసింది. అన్నాక భూమి బద్దలేం కాలేదు. ఒకామె మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

"అట్టా చెప్పొచ్చుగా ముందే" అంది రమణ. "జడ వేసుకుంటానంటే నేనేమన్నా వద్దంటానా. దత్తత గిత్తత అంటే మాత్రం గుండె ఆగిపోయింది నాకు."

కానీ ఆదిలక్ష్మమ్మ అక్కడితో వదిలే మనిషి కాదు. కాయల మధ్య నుంచి లేచి, మోకాళ్ళు సర్దుకుని వచ్చింది.

"వీధిలో నలుగురి ముందు అన్నావు. నలుగురి ముందే వెనక్కి తీసుకో. దానికి లక్ష్యం గిక్ష్యం వద్దు. మాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

ఝాన్సీలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. సింధు ఇప్పుడు తలెత్తి చూస్తోంది. చూడకుండా ఉంటే బాగుండునని ఆవిడ అనుకుంది.

"సింధు మీ పిల్ల. నేను దత్తత తీసుకోలేదు. దాని మీద నాకే హక్కూ లేదు. నేను దానికి తెలుగు చెప్పే టీచర్ని." ఆగింది. ఇంకొకటి కలపాలనిపించింది, నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, "అంతే" అంది.

"ఫోన్లు?"

"చేయను."

"ఆ ఫోటో తీసెయ్."

ఝాన్సీలక్ష్మి ఫోను బయటికి తీసింది. "అది నా చేతుల్లో లేదు పెద్దమ్మా. జిల్లా అంతా వెళ్ళిపోయింది. ఆదర్శం అని పెట్టారు."

"ఏదీ, చూపించు." ఆదిలక్ష్మమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "నోరు తెరుచుకుని ఉన్నానేంది ఇందులో? ఇదా ఆదర్శం. జిల్లాలో ఇంకెవరూ దొరకలేదా?"

కూలీలు ఈసారి దాచుకోకుండా నవ్వారు. రమణ కూతురి దగ్గరికి వెళ్ళి బట్టల సంచి తీసుకుంది. "ముప్పాళ్ళ పోవటం లేదత్తా. సోమవారం పరీక్ష రాసిద్ది."

"రాస్తే రాసిద్ది" అంది ఆదిలక్ష్మమ్మ. "బడి ఆటోలో మాత్రం పంపించను. నేనే తీసుకుపోతా, నేనే తీసుకొస్తా. ఈమె దాని దరిదాపుల్లోకి రాకూడదు."

సోమవారం పొద్దున మండల కేంద్రంలో పరీక్ష సెంటర్‌కు ఎదురుగా, రోడ్డుకు ఇవతల టీ కొట్టు బల్ల మీద ఝాన్సీలక్ష్మి కూర్చుంది. తెలుగు పరీక్ష నాడు తెలుగు టీచర్లకు డ్యూటీ ఉండదు, సెంటర్లోకి రానివ్వరు. రోడ్డు దాటనంతవరకూ తను మాట తప్పినట్టు కాదని నరసరావుపేట నుంచి బస్సులో వస్తూ తీర్మానించుకుంది.

బడి ఆటో వచ్చింది. తెల్లరాళ్ళపాడు పిల్లలు దిగారు. గొడ్లపాకలో ఫోన్ పెట్టేవాడు ఆవిడకు అక్కడి నుంచే దండం పెట్టాడు. సింధు రాలేదు. వేరే ఊళ్ళ ఆటోలు వచ్చాయి. మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి వచ్చారు. తల్లులు నోట్లో పెరుగు చక్కెర పెట్టి లోపలికి పంపించారు. గేటు ముందు గుంపు పలచబడింది. సింధు రాలేదు.

"ఇంకో టీ ఇవ్వనా మేడం?" అన్నాడు కొట్టతను.

"వద్దు." ముందు ఇచ్చిందే చల్లారిపోయి ఉంది.

గంట కొట్టారు. మొదటి గంట. ఝాన్సీలక్ష్మి నిలబడింది, కూర్చుంది. ముసలామె మనసు మార్చుకుందా? రాత్రి బ్రహ్మయ్య వచ్చి వద్దన్నాడా? ముప్పాళ్ళ బస్సు ఆదివారం కూడా ఉంది. ఫోన్ తీసింది. పేరు మీద వేలు ఉంచింది. ఒకసారి నొక్కింది కూడా, అవతల మోగకముందే కట్ చేసేసింది. చేయనని అందరి ముందు చెప్పిన మాట. ఆ మాట ఇప్పుడు తప్పితే, ఆటోలో సగం దారి వచ్చినా ఆదిలక్ష్మమ్మ వెనక్కి తిప్పించే రకం.

ఏం చేయాలో తోచక ఎదురుగా గోడకు వేలాడే క్యాలెండర్ చూసింది. తారీఖు కింద తిథి, తిథి కింద చిన్న అక్షరాల్లో రాహుకాలం. సోమవారం. ఏడున్నర నుంచి తొమ్మిది.

అప్పుడు అర్థమైంది. ముసలామె తొమ్మిది దాటందే గడప దాటనివ్వదు. పరీక్ష తొమ్మిదిన్నరకు. ఊరి నుంచి ఇక్కడికి షేర్ ఆటో అయితే, గోనెల్లో కుక్కిన మిరప టిక్కీల కోసం ఆగుతూ వస్తే, అరగంట పైమాటే. రాహుకాలం సంగతి తనకు తట్టకపోవడం ఏమిటి, ఇంట్లో పాలప్యాకెట్టు తెచ్చుకోవడానికి కూడా చూసుకునే మనిషి తను. కల్లంలో అన్ని మాటలు చెప్పి ఈ ఒక్క మాట చెప్పలేదు.

గేటు దగ్గర కానిస్టేబుల్ ఒక తలుపు మూశాడు. రెండో తలుపు మీద చేయి వేసి, గోడవారగా ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఝాన్సీలక్ష్మి రోడ్డు అంచుదాకా వెళ్ళింది. ఆయన మాట ఎంతసేపు సాగుతుందో అంతే సమయం ఉన్నట్టు, ఆ కబుర్లు తెగకూడదని లోపల్లోపల వేడుకుంది.

రోడ్డు మలుపులో ఆటో కనిపించింది. పైన టిక్కీలు, వెనక టిక్కీలు, మధ్యలో ఎక్కడో మనుషులు. పూర్తిగా ఆగకముందే సింధు దూకింది. కొత్త చుడీదార్. అదే బట్ట. కుట్టు కాస్త వదులుగా ఉంది. హాల్ టికెట్ పళ్ళ మధ్య పట్టుకుని, అట్ట చంకలో ఇరికించుకుని, చున్నీ ముడేసుకుంటూ పరుగెత్తింది. కానిస్టేబుల్ "ఇప్పుడా వచ్చేది" అంటూనే పక్కకు జరిగాడు. పిల్ల లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఝాన్సీలక్ష్మి వెనక్కి వచ్చి బల్ల మీద కూలబడింది.

ఆదిలక్ష్మమ్మ తీరిగ్గా రోడ్డు దాటి వచ్చి, అదే బల్లకు రెండో చివర కూర్చుంది. వేరే బల్ల లేదు. "రాహుకాలం దాటనియ్యాలిగా" అంది టీ కొట్టతనితో, టీచర్ వైపు చూడకుండా. కొట్టతను అవునన్నట్టు తలూపి టీ ఇచ్చాడు.

చాలాసేపు ఇద్దరూ గేటు వైపే చూశారు.

"ఏం రాస్తారు ఇంతసేపు?" అంది ఆదిలక్ష్మమ్మ, గేటుతో అన్నట్టు.

"మూడు గంటల పైన ఉంటుంది పెద్దమ్మా."

"మూడు గంటలు వంగి కూర్చుంటే నడుం పట్టదూ?"

"మిరపకాయలు కోస్తే పట్టదా?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఆదిలక్ష్మమ్మ తిరిగి ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది. "పట్టిద్ది" అంది. టీ ఊదుకుని తాగింది. తాగి గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఇది గట్టెక్కుద్దా?"

ఎంఈవో గారి మీటింగుల్లో ఈ ప్రశ్నకు ఝాన్సీలక్ష్మి ఏడాదంతా ఒకటే జవాబు చెప్పింది. నూటికి నూరు శాతం సార్. అదే నోటి చివరకు వచ్చింది.

"తెలియదు పెద్దమ్మా" అంది. "తెలుగు ఎక్కుతుంది. లెక్కలంటేనే నాకు భయంగా ఉంది."

ఆదిలక్ష్మమ్మ తలూపింది. ఈ టీచరమ్మ చెప్పిన మాటల్లో మొదటిసారి ఒకదాన్ని ఆమె నమ్మినట్టు కనిపించింది.

లెక్కల సంగతి ఏప్రిల్‌లో తేలింది. సింధు అంచు మీద బయటపడింది. మండలం అట్టడుగు నుంచి ఒక్క మెట్టు పైకెక్కింది. ఆ ఒక్క మెట్టుకే ఎంఈవో గారు అందరికీ స్వీట్లు పంచాడు. కానీ ఆ పొద్దున టీ కొట్టు ముందు కూర్చున్న ఇద్దరికీ ఇవేవీ తెలియవు. ఎండ బల్ల మీదికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే నీడలోకి జరిగారు, అంతే.

గంట కొట్టారు. గేటు తెరిచారు. పిల్లలు గుంపుగా బయట పడ్డారు. వాళ్ళ మధ్యలో సింధు కనపడగానే బల్ల మీది ఇద్దరూ ఒక్కసారే లేచారు.

ఝాన్సీలక్ష్మి మళ్ళీ కూర్చుంది. కావాలనే కూర్చుంది. పమిట సర్దుకుని, టీ కొట్టులో బిస్కెట్ సీసాల వైపు తిరిగి, వాటి మీద ఏం రాసి ఉందో చదవడం మొదలుపెట్టింది. బిస్కెట్లు అన్న మాటకు ఒత్తు లేదు. అది కూడా పట్టించుకోలేదు.

వెనక నుంచి ముసలామె మాట వినపడుతోంది. నీళ్ళు తాగు. చెయ్యి చూపించు, సిరా ఏందట్టా అయింది. తలనొప్పి లేదుగా. పిల్ల ఏదో చెబుతోంది, గబగబా, ఊపిరాడకుండా. ముసలామె "ఊఁ" అంటోంది. "ఊఁ" అంటోంది. తర్వాత ఊఁ అనడం ఆగిపోయింది.

"టీచరమ్మా."

ఝాన్సీలక్ష్మి తిరిగింది. ఆదిలక్ష్మమ్మ ఒక చేత్తో పిల్ల రెక్క పట్టుకుని, రెండో చేత్తో ప్రశ్నపత్రం ముందుకు చాపి నిలబడి ఉంది.

"ఇది ఏందేందో చెబుతంది. ఏం రాసిందో నాకేం తెలిసిద్ది. నువ్వు అడుగు."

ఝాన్సీలక్ష్మి బల్ల మీద కొంచెం జరిగింది. సింధు వచ్చి పక్కన కూర్చుంది, అటు పక్కన నాయనమ్మ. టీచర్ ప్రశ్నపత్రం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను తీసి, మొదటి ప్రశ్న దగ్గర పెట్టింది. చేయి పిల్ల తల మీదికి వెళ్ళబోయి ఆగి, కాగితం అంచు పట్టుకుంది.

"ఇదేం రాశావు?"

"రాశా టీచర్. మొత్తం రాశా. కాయితాలు చాలక అడిషనల్ అడిగా."

"ఎన్ని?"

"రెండు."

డీ గ్రేడు పిల్ల అడిషనల్ అడిగింది. ఝాన్సీలక్ష్మి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇక్కడ మిరప ఘాటేం లేదు, రోడ్డు మీద పోయే ఆటోల పైన టిక్కీలు తప్ప. "సరే, రెండోది" అంది.

రోడ్డు అవతల ఊరికి తిరిగి వెళ్ళే ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. ఆదిలక్ష్మమ్మ కూర్చున్నచోటు నుంచే మెడ సాచింది.

"ఉండరా, టీచరమ్మ చూస్తంది."